మేఘాల క్లాసులో సందర్శకురాలు

ఆ వానాకాలం మా అమ్మ కాలేజీలో చేరింది.

చేరబోతున్నట్టు మాకెవరికీ ముందుగా చెప్పలేదు. మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే నా పాత రెయిన్‌కోటు తొడుక్కుని, భుజానికి నీలం సంచి తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"టీ ఫ్లాస్కులో పోసిపెట్టాను. క్లాసుకి వేళవుతోంది, వెళ్తున్నా," అంది.

నాన్న పేపరు మడిచాడు. "ఏం క్లాసు?"

"వాతావరణ శాస్త్రం. మూడేళ్ళ డిగ్రీ."

"ఎవరికి?"

"నాకేనండీ. ఇంకెవరికి?"

నాన్న నా వైపు చూడకుండా నా గురించి అడిగాడు. "దీనికి ముందే తెలుసా?"

"దానికీ ఇప్పుడే తెలిసింది. మొహం చూడండి, ఎలా పెట్టిందో."

మా ఇంట్లో నాన్నకీ నాకూ మధ్య మాటలు అలాగే నడిచేవి, అమ్మ మీదుగా. గొడవేం లేదు. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఎప్పుడో మొదలైన మొహమాటం, ముప్పై దాటాక అలవాటైపోయింది. ఒకే గదిలో, ఒకే బల్ల ముందు కూర్చుని, "అమ్మాయిని గొడుగు తీసుకెళ్ళమను" అని ఆయనా, "ఇవాళ ఇంట్లోంచే పనని చెప్పమ్మా" అని నేనూ. అమ్మ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. ఇంటికొచ్చాక కూడా ఆ పని తప్పలేదు.

ఆ ఎక్స్ఛేంజీ గదికి కిటికీలు ఉండేవి కావు. పొద్దున వెళ్తే సాయంత్రం బయటికి వచ్చేదాకా ఎండో వానో తెలిసేది కాదు. కానీ చెవిలో ఎక్కడెక్కడి ఊళ్ళూ వినిపించేవి. "ఇక్కడ జోరువానండీ, మీ మాట సరిగ్గా వినపడట్లేదు" అని ఎవరో అనేవారు. ఆ మాట వెనకాల వాన చప్పుడు సన్నగా ఆమె చెవిలోకి వచ్చేది. తను ఎన్నడూ చూడని రేకుల మీద, చూడని చెట్ల మీద పడుతున్న వాన. అమ్మ ఆ లైను కలిపాక కూడా ఒక్క క్షణం ఆగి వినేదట. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆ వానాకాలంలోనే.

"అంత వాన విన్నాను గానీ, అది ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పలేదే," అంది.

నేను ప్రోగ్రామర్ని. మా కంపెనీ కాలేజీలకు హాజరు తీసుకునే యంత్రం అమ్ముతుంది. క్లాసు తలుపు మీద చిన్న కెమెరా, దాని కింద అరచేతంత తెర. లోపలికి అడుగు పెట్టిన ప్రతి మొహాన్నీ చూసి పేరు పక్కన టిక్కు పెడుతుంది. మేష్టారు విద్యార్థి మొహం చూసి "వచ్చావా" అనడానికి పట్టే కాస్త సమయాన్ని ఆదా చేయడం కోసం ఒక అంతస్తు నిండా మనుషులం ఏళ్ళ తరబడి పని చేస్తున్నాం. అలా ఆదా అయిన సమయమంతా ఎక్కడికి పోతోందో మాలో ఎవరికీ తెలియదు. బహుశా మీటింగుల్లోకి.

విద్యార్థుల గురించి కూడా నాకు కొన్ని అభిప్రాయాలుండేవి. సైన్సుని పిల్లలకు తప్పు వయసులో చెబుతారని నా నమ్మకం. అద్దం ముందు నిలబడితే మొటిమ తప్ప మరేదీ కనబడని వయసులో గ్రహాల గురించి చెబితే ఏం ఎక్కుతుంది? నేనైతే నాలుగేళ్ళూ పరీక్ష ముందు రోజు తప్ప మిగిలిన రోజులన్నీ సెలవులే అన్నట్టు చదివాను. ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది. అది చదువు గొప్పతనమో, ఉద్యోగం గొప్పతనమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అమ్మ అలా కాదు. క్లాసు నుంచి వచ్చి రెయిన్‌కోటు విప్పకుండానే వరండాలో నిలబడి ఆకాశం చూసేది. నీళ్ళు గచ్చు మీద మడుగు కట్టేవి.

"అదుగో, ఆ పైన దువ్వెనతో దువ్వినట్టుందే, అదంతా మంచు పలుకులేనట. ఈ కింద బొద్దుగా కూర్చుందే, అది నీళ్ళు. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఎలా పోతున్నాయో చూడు."

నాన్న పేపరు వెనక నుంచి, "మన ఇంట్లో మనుషుల్లాగ," అనేవాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలిసేది కాదు.

ఆ వారాలు నాకు ఒకదాంట్లోంచి ఒకటి విడదీయలేని మబ్బుల్లాగే గుర్తున్నాయి. కిటికీ అద్దం మీద నీటి చారలు, లాప్‌టాప్ తెర వెలుగు, పక్క గదిలోంచి పెద్దగా చదువుకుంటున్న అమ్మ గొంతు. 'తేమ', 'పీడనం', 'సాంద్రత' అని ఒక్కొక్క మాటా నొక్కి పలికేది, అవతలివాళ్ళు రాసుకుంటున్నారేమో అన్నట్టు. నేను పని మధ్యలో కళ్ళు మూసుకుంటే, ఆ గొంతు ఎవరో చిన్నమ్మాయిది అనిపించేది. తెరిస్తే అమ్మ.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "మాకు ప్రోగ్రామింగు కూడా ఉంది. నేర్పు."

కాలేజీ డాబా మీద ఒక కెమెరా ఆకాశాన్ని ఫోటోలు తీస్తూ ఉంటుంది. ఒక్కో ఫోటోలో ఆకాశం ఎంత మేర మబ్బు పట్టిందో చెప్పే ప్రోగ్రాం రాయాలి. అదీ వాళ్ళ మేష్టారిచ్చిన పని. ఆయన్ని పిల్లలంతా మేఘాల మేష్టారు అంటారట.

"ఇది చెప్పిన మాట వింటుందా?" కీబోర్డు వైపు అనుమానంగా చూస్తూ అడిగింది అమ్మ.

"తు.చ. తప్పకుండా వింటుంది. దాంతో వచ్చిన చిక్కే అది. నువ్వు అన్నది చేస్తుంది గానీ, అనుకున్నది చెయ్యదు."

"అంటే కొత్తగా చేరిన ఆపరేటరన్నమాట. అలాంటివాళ్ళని ఎంతమందిని దారిలో పెట్టలేదు!"

నిజంగానే పెట్టింది. నేను నేర్పడంలో ఓపిక లేనిదాన్ని. ఆమె నేర్చుకోవడంలో సిగ్గు లేనిది. అడిగిందే మళ్ళీ అడిగేది. నేను విసుక్కుంటే, "నా దగ్గర నువ్వు మాటలు నేర్చుకున్నప్పుడు ఇంతకంటే విసిగించావు," అనేది. మెల్లగా ప్రోగ్రాం తయారైంది. కానీ దానికి ఒక జబ్బు. నీలంగా, మచ్చ లేకుండా ఉన్న ఆకాశం ఫోటో ఇచ్చినా, ఒక మూల మబ్బు ఉందనే మొండికేసేది.

నాకు చూడగానే తెలిసిపోయింది. వేలు తెర మీద పెట్టబోయాను. అమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

"చెప్పకు."

"చెప్తే అయిపోతుంది కదమ్మా."

"నీకు అయిపోతుంది. నాకు అవ్వదు."

రోజులు గడిచాయి. కూర కలుపుతూ ఆలోచించింది, బట్టలు ఆరేస్తూ ఆలోచించింది. ఒక రోజు భోజనాల మధ్యలో గరిట పట్టుకునే లేచి నిలబడింది. "ట్యాంకు! సైన్సు బిల్డింగు మీద తెల్లటి నీళ్ళ ట్యాంకుంది. ఆ మూల దాని అంచు పడుతోంది. దాన్ని మబ్బనుకుంటోంది పిచ్చిది!"

నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన జీవితమంతా గొలుసులు పట్టుకుని భూములు కొలిచినవాడు. "ముందు హద్దులు వేసుకోవాలి. కొలిచే మేరకి హద్దు గీసుకుని, ట్యాంకుని అవతల పెట్టు. పొలమైనా ఆకాశమైనా అంతే కదా," అన్నాడు. అమ్మ గరిటతోనే ఆయన భుజం మీద తట్టింది. చొక్కా మీద కూర మరక పడింది. ఆయన తుడుచుకోలేదు.

తరవాత వారం వాళ్ళిద్దరూ నా బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని ఆకాశానికి హద్దులు గీశారు. నేను వెనక నిలబడి టీ తాగుతూ చూశాను. ఆ వానాకాలం అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేదని ఒకప్పుడు అనిపించేది.

ఆ రోజుల్లోనే అమ్మ ఒక సంగతి నవ్వుతూ చెప్పింది.

"మా క్లాసు తలుపు మీదున్న మీ యంత్రానికి మర్యాద తెలుసే! పిల్లలందర్నీ ఉత్తినే 'స్వాగతం, విద్యార్థి' అంటుంది. నేను వెళ్తే మాత్రం 'స్వాగతం, సందర్శకురాలు' అని రాస్తుంది."

'సందర్శకురాలు' అంటే హాజరు పడనట్టే.

ఆఫీసుకి వెళ్ళి వెతికాను. యంత్రంలో ఒక నిబంధన ఉంది. ఎక్కడో ఒక కుర్రాడు తన బదులు హాజరు వేయించుకోవడానికి మేనమామని పంపాడట. అప్పటినుంచి వయసు మీరినట్టు కనిపించిన మొహాన్ని, పేరు కలిసినా సరే, విద్యార్థిగా లెక్కపెట్టకూడదని రాశారు. రాసినవాడెవడో కూడా దొరికాడు. ఉద్యోగం మానేసి ఇప్పుడు తేనెటీగల్ని పెంచుకుంటున్నాడు. తేనెటీగలకి హాజరు అక్కర్లేదు కాబట్టి సుఖంగానే ఉన్నట్టున్నాడు.

మా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "ఆ రూలు తీసెయ్యాలి. ఒకావిడ ప్రతిరోజూ క్లాసుకి వెళ్తోంది. ఒక్క రోజు కూడా హాజరు పడలేదు."

"ఎంతమంది అలాంటివాళ్ళు?"

"ఒక్కరే."

"ఒక్కరి కోసం సిస్టమ్ మొత్తం మార్చమంటావా?"

"ఆ ఒక్కరు మా అమ్మ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే మరీ కుదరదు. నీ ఇంటి మనిషి కోసం మార్చావంటారు. కంప్లయింటు పెట్టు, చూద్దాం."

పెట్టాను. దానికి ఒక నంబరు వచ్చింది. మా ఆఫీసులో నంబరు రావడమంటే పని సగం అయిపోయినట్టే లెక్క. మిగతా సగం ఎప్పుడూ అవ్వదు.

వానలు ముదిరాయి. వీధి చివర రోడ్డు మీద నీళ్ళు నిలిచి, బస్సులు పడవల్లా మెల్లగా వచ్చేవి. అమ్మ ఒకసారి చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది, మోకాళ్ళ దాకా బురద, మొహం నిండా వెలుగు.

"చలికాలం మొత్తం మా క్లాసు కొండ మీద వాతావరణ కేంద్రంలో ఉండాలట! అక్కడే హాస్టలు. మబ్బు మన దగ్గరికే వస్తుందట, కిటికీ తీస్తే గదిలోకి."

నాన్న అడిగాడు. "ఎవరెవరు వెళ్ళాలి?"

"క్లాసు మొత్తం."

"నువ్వు కూడానా?"

"నేను క్లాసులో లేనా ఏంటండీ?"

ఆయన పేపరు అందుకున్నాడు. ఆ రోజు నుంచి నా బల్ల దగ్గరికి రావడం మానేశాడు. హద్దులు గీసే పని అమ్మ ఒక్కతే ముగించుకుంది.

కాలేజీ నోటీసు బోర్డు మీద హాజరు తగ్గినవాళ్ళ పేర్లు పెట్టారు. అమ్మ పేరు అందరికంటే పైన ఉంది, పక్కన సున్నాతో. అలాంటివాళ్ళని పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష రాయకపోతే కొండ లేదు. అమ్మా నేనూ కాలేజీ ఆఫీసుకి వెళ్ళాం. గుమస్తా మంచివాడే. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు.

"మేఘాల మేష్టారు సంతకం పెట్టి ఇచ్చారండీ, ఈవిడ రోజూ వస్తోందని," అన్నాను.

"సంతకాలు మనుషులు పెట్టేవి కదమ్మా, పొరపాట్లు జరుగుతుంటాయి. యంత్రం అయితే పొరపాటు పడదు."

"ఆ యంత్రం తయారుచేసేది నేనేనండీ. పడుతుంది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. సొంత వంటని తిట్టుకునే ఇల్లాలిని చూసినట్టు.

ఇంటికొచ్చి అమ్మ జరిగింది చెప్పింది. నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడి విన్నాడు. బయట చినుకులు. "యంత్రం కూడా అదే అంటోందిగా, ఇంటి పట్టున ఉండమని," అన్నాడు.

అమ్మ నీలం సంచిలోంచి పుస్తకాలు తీసి, తడిసిన అట్టలు గుడ్డతో ఒత్తి, అలమరలో సర్దింది. మర్నాడు కాలేజీకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు.

ఇంట్లో అన్నీ వేళకు అమరాయి. టీ వేడిగా ఉండేది, దుప్పట్లు మడతల్లో ఉండేవి. నాన్న అడిగిన ప్రతిదీ నాకు చేరేది, నేను అన్న ప్రతిదీ ఆయనకు చేరేది. కానీ అమ్మ వరండాలోకి వెళ్ళడం లేదు. కిటికీ పక్క నుంచి నడిచేటప్పుడు తల తిప్పుకునేది. ఒక సాయంత్రం ఆకాశం అంచుల్లో నారింజ రంగు ఎక్కి, ఒక పెద్ద మబ్బు కొండలా లేచింది. నేను అమ్మని పిలవబోయాను. నాన్న కూడా ఆ మబ్బునే చూస్తున్నాడు.

ఆ వారంలోనే ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. సన్నగా, పెద్ద కళ్ళజోడుతో, ఒక్క చోట నిలవకుండా. అమ్మ కబుర్లలో ఎన్నోసార్లు విన్నాను. ప్రయోగశాలలో అమ్మ జంట. క్లాసులో అందరూ తూనీగ అంటారు. మొదట్లో అమ్మని ఆంటీ అని పిలిచి చీవాట్లు తిన్నది ఈ పిల్లే. "క్లాసులో ఆంటీ ఏంటి, ఆంటీ! అక్కా అను," అందట అమ్మ.

ఆ సమయానికి అమ్మ బజారుకి వెళ్ళింది. తూనీగ నాన్న ముందు నిలబడింది.

"అక్క ఎందుకు రావట్లేదండీ?"

"హాజరు వెయ్యట్లేదుగా మీవాళ్ళు."

"వెయ్యకపోతే మానేస్తారా? నేనైతే హాజరు వేసినా వెళ్ళను, ఆవిడ వెయ్యకపోయినా వచ్చేది." కళ్ళజోడు పైకి తోసుకుంది. "అక్క పక్కన కూర్చుంటే నాకు భయం పోయిందండీ. మొదటి నెల్లోనే చదువు మానేసి ఇంటికి పోదామనుకున్నా. ఆవిడ ఊరుకోలేదు. ట్యాంకు దొరికేదాకా ఉండమంది. దొరికాక, ఇప్పుడు ఆవిడే రావడం మానేసింది."

నాన్న ఆ అమ్మాయిని కూర్చోమన్నాడు. టీ ఇద్దామని లేచి, ఫ్లాస్కు మూత ఎటు తిప్పాలో తెలియక కాసేపు తంటాలు పడ్డాడు. నేను లేచేలోపు మూత ఊడి, సగం టీ బల్ల మీద పోయింది. మిగిలిన సగం ఆ పిల్ల తాగింది.

"సోమవారం ఎలాగైనా పంపించండి," వెళ్తూ అంది. "మేమొకటి అనుకున్నాం."

సోమవారం నేను ఆఫీసులో ఉన్నాను. అన్ని కాలేజీల హాజరు ఒక తెర మీద కనిపిస్తుంది, ఆకుపచ్చ గళ్ళు గళ్ళుగా. ఉన్నట్టుండి ఒక గడి ఎర్రబడింది. సైన్సు కాలేజీ, వాతావరణ శాస్త్రం, మొదటి ఏడు. విద్యార్థులు: ఇద్దరు. మిగతా క్లాసంతా సందర్శకులు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కెమెరా పోయిందా? వెంటనే వెళ్ళి చూడు. ప్రిన్సిపాలు ఫోనులో మండిపడుతున్నాడు!"

వెళ్ళాను. సన్నటి జల్లు, మధ్యలో ఎండ. కాలేజీ కారిడార్లో ఆ వెలుగు పాలలా పరుచుకుని ఉంది. క్లాసు తలుపు దగ్గర ప్రిన్సిపాలు, గుమస్తా, తెర వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను లోపలికి తొంగిచూశాను.

బెంచీల నిండా ముసలివాళ్ళు.

ఒక్క క్షణం నాకు కల అనిపించింది. పిల్లలందరికీ ఒక్క రాత్రిలో నలభై ఏళ్ళు మీదపడ్డట్టు, తెల్లటి తలలతో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో వాళ్ళ తలల చుట్టూ సన్నటి తెల్లని పొగ తేలుతోంది. ఒకడు తుమ్మాడు. పొగ ఇంకాస్త లేచింది. అప్పుడు తెలిసింది, అది సుద్దపొడి. క్లాసు మొత్తం తలకి సుద్ద రాసుకుని వచ్చింది. కనుబొమలకి కూడా. ఎవరో ఇద్దరు సరిగ్గా రాసుకోలేదు. యంత్రం లెక్కలో వాళ్ళిద్దరే విద్యార్థులు.

మా యంత్రం మొహాల్ని చదువుతుందని కరపత్రాల్లో గొప్పగా వేసుకున్నాం. అది చదువుతున్నది జుట్టుని.

మధ్య బెంచీలో అమ్మ కూర్చుని ఉంది, తూనీగ పక్కన. సుద్ద లేకుండా తెల్లగా ఉన్నది ఆమె ఒక్కతే. చేతుల్లో మొహం దాచుకుని భుజాలు కదిలేలా ఊగిపోతోంది. నవ్వో ఏడుపో నాకు దూరం నుంచి తెలియలేదు.

కాదు, ఇంకొకరు కూడా ఉన్నారు. ఆఖరి బెంచీ చివర, తడిసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని, నాన్న.

అమ్మని తనే బయల్దేరదీసి, స్కూటరు మీద దింపడానికి వచ్చాడట. వాన జోరందుకుందని లోపలికి వచ్చాడట. యంత్రం ఆయన్ని కూడా సందర్శకుడనే రాసుకుంది. ఆ రోజు అది రాసుకున్న సందర్శకుల్లో నిజమైన సందర్శకుడు ఆయనొక్కడే.

మేఘాల మేష్టారు పొట్టిమనిషి. బోర్డు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపాలు లోపలికి వచ్చి, "ఏమిటండీ ఈ వేషాలు?" అన్నాడు.

"నాకేం తెలుసండీ. యంత్రం సందర్శకులంటోంది. సందర్శకులకి పాఠం చెప్పకూడదని రూలేమీ లేదు కదా," అన్నాడు మేష్టారు చాలా వినయంగా.

ప్రిన్సిపాలు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ కంపెనీవాళ్ళు ఏమంటారు?"

అన్నీ చెప్పాను. నిబంధన గురించి, ఫిర్యాదు నంబరు గురించి, జుట్టు గురించి. ఆ మధ్య బెంచీలో ఉన్నది మా అమ్మ అని కూడా చెప్పాను. ఆయన తెర వైపు చూశాడు, క్లాసు వైపు చూశాడు, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమస్తా వైపు చూశాడు. చివరికి, "ఆ కెమెరా ఆపెయ్యండి. మేష్టారూ, మీ నోటితోనే పిలుచుకోండి. పాతవి కూడా మీకు గుర్తున్నట్టు వేసెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

క్లాసు గోలగోలైపోయింది. సుద్ద మబ్బు పైకప్పు దాకా లేచింది.

తరవాత పాఠం జరిగింది. వెళ్ళిపోవాల్సినదాన్ని, తలుపు పక్కన నిలబడిపోయాను. అమ్మ లేచి తన ప్రోగ్రాం గురించి చెప్పింది. ఎక్కడ తప్పు వచ్చిందో, ట్యాంకు ఎలా దొరికిందో. "హద్దు గీసుకోమని మా ఇంట్లో ఒక సర్వేయరుగారు చెప్పారు," అంది, వెనక్కి చూడకుండా. ఆఖరి బెంచీలో నాన్న గొడుగు పిడి మీద వేళ్ళు సవరించుకున్నాడు. ఎవరో కుర్రాడు ప్రశ్న అడిగాడు, అమ్మ తడుముకోకుండా జవాబు చెప్పింది. మేష్టారు ఇంకో ప్రశ్న అడిగాడు. దానికి, "తెలియదు సార్, చూసి చెప్తాను," అంది. తెలియదనే మాటని అంత హాయిగా అనడం నేను ఎవరి దగ్గరా వినలేదు. మా ఆఫీసులో అయితే ఆ మాటకి ఉద్యోగం పోతుంది.

నాన్న ఆమెనే చూస్తున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూసి ఉండడు.

పరీక్షలు అయ్యాయి. వానలు తగ్గుముఖం పట్టాయి. మా కంపెనీ ఆ నిబంధన తీసేసి, కొత్త కరపత్రంలో 'అన్ని వయసుల విద్యార్థులకూ అనువైనది' అని వేసుకుంది. మేనేజరు దాన్ని నాకు చూపిస్తూ, అది తన ఆలోచనే అన్నాడు.

ఒక సెలవు రోజు పొద్దున నాన్న నా గది తలుపు తట్టాడు. నేను తీసేసరికి ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. మా మాటలు అటూ ఇటూ మోసేవాళ్ళు ఎవరూ లేరు.

"అటక మీది పెట్టె దించాలి," అన్నాడు. "నిచ్చెన నువ్వు పట్టుకుంటావా?"

"పట్టుకుంటాను నాన్నా."

ఆయన పైకెక్కాడు. నేను కింద రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, ఆయన మడమల వైపు చూస్తూ నిలబడ్డాను. "అక్కడ చలి ఎక్కువట," పైనుంచి అన్నాడు. "ఉన్ని శాలువా కొనాలి. ఏ రంగు తీసుకుందాం?"

"నాకంటే మీకే తెలుసు కదా, ఆవిడకి ఏది ఇష్టమో."

"తెలుసనే అనుకున్నానే," అన్నాడు. పెట్టె మీది దుమ్ము నా తల మీద పడింది.

అమ్మ కొండకి వెళ్ళిపోయాక ఇల్లు కొంతకాలం వింతగా ఉంది. నాన్నా నేనూ బల్లకి చెరో వైపు కూర్చుని, మొదట్లో వస్తువుల పేర్లు మాత్రమే చెప్పుకునేవాళ్ళం. "ఉప్పు." "ఇదుగో." తరవాత వాక్యాలు వచ్చాయి. ఆయన కూర మాడ్చాడు, నేను బాగుందన్నాను. ఆయన నమ్మలేదు. నా ఉద్యోగం ఏమిటో మొదటిసారి నన్నే అడిగాడు. నేను ఎంతో వివరంగా చెప్పాను. అంతా విని, "ఇంత కష్టపడే బదులు పేరు పెట్టి పిలిస్తే పోదా?" అన్నాడు. పోతుందని ఒప్పుకున్నాను.

చలి బాగా దిగాక ఒక రోజు ఇద్దరం బస్సెక్కి కొండకి వెళ్ళాం. అమ్మకి చెప్పలేదు. మలుపులు తిరిగేకొద్దీ కింద లోయ తెల్లబడిపోయింది. దిగి నడుస్తుంటే ఎదురుగా మబ్బు నేల మీదుగా వచ్చింది, ఏ తొందరా లేకుండా, రోడ్డు దాటుతున్న మనిషిలా. ముందు చెట్లు పోయాయి, తరవాత గేటు పోయింది. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

వాతావరణ కేంద్రం ముందు పచ్చిక మీద క్లాసు జరుగుతోంది. మబ్బు పలచబడినప్పుడు నీడలు కనిపించేవి, చిక్కబడితే గొంతులు మాత్రమే. ఎవరో అంకెలు చదువుతున్నారు, ఎవరో రాసుకుంటున్నారు. తూనీగ గొంతు ఏదో అంది. దానికి ఒక నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ మొదలయ్యే నవ్వు. నేను ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మబ్బు ఒక పక్కకి తొలిగింది. మెడ చుట్టూ శాలువా చుట్టుకుని, చేతిలో ఏదో గాజు గొట్టం ఎత్తి పట్టుకుని, అమ్మ. మమ్మల్ని చూడలేదు. ఆమె చూస్తున్నది దాన్ని.

"పిలవనా?" అన్నాను.

"వద్దు," అన్నాడు నాన్న. "క్లాసు అయిపోనీ."

గోడ పక్కన ఒక బెంచీ ఉంది, మంచుకి తడిసి. నాన్న జేబురుమాలు తీసి తన వైపు తుడుచుకున్నాడు. పిండి, మళ్ళీ విప్పి, నా వైపు కూడా తుడిచాడు. ఇద్దరం కూర్చున్నాం. మబ్బు మా మీద నుంచి పోతూనే ఉంది.